ముందు ప్రాప్, తర్వాతే మోటార్: బ్యాటరీ ఆర్‌సీ విమానానికి జత కుదర్చడం ఎలా

కొత్తగా ఆర్‌సీ విమానం (రేడియో రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానం) చేసే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ మోటార్ కొనాలె?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "విమానం బరువెంత?" చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. మోటార్ మాత్రం అప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటారు.

పాలమూరులో, నల్గొండలో బోరు వేయించినవాళ్ళకు అసలు వరస ఏమిటో తెలుసు. బోరు ఎంత లోతు, నీళ్ళు ఎన్ని ఇంచులు పోస్తుంది అని ముందు చూస్తారు. దాన్నిబట్టి పంపుకు ఎన్ని స్టేజీలు, ఆ తర్వాతే ఎన్ని హెచ్‌పీ మోటార్ అన్న లెక్క. మోటార్ ముందు కొనుక్కొచ్చి దానికి తగిన బోరు వెతికేవాడు ఎవడూ లేడు. విమానానికీ అంతే: బరువు, ప్రొపెల్లర్ (గాలిని తోసే పంకా, మేం ప్రాప్ అంటాం), మోటార్, ఈఎస్సీ (మోటార్ వేగాన్ని అదుపుచేసే చిన్న సర్క్యూట్), బ్యాటరీ.

మోటార్‌కు కాదనడం రాదు, అదీ చిక్కు. గాలిని తోయడానికి ప్రాప్ ఎంత బలం అడిగితే అంత కరెంటు బ్యాటరీ నుంచి లాగుతుంది. తన వల్ల కాకపోయినా లాగుతూనే ఉంటుంది, ఏదో ఒకటి కాలేదాకా. నా మొదటి సెట్టు అలాగే పోయింది. నేను ఆర్డర్ పెట్టింది 2212 సైజు మోటార్, 1000 కేవీ (ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే అంకె). వచ్చింది 2212 మోటారే, కానీ 2200 కేవీ. డబ్బా మీద 2212 చూసి సంబరపడ్డాను తప్ప పక్కన చిన్నక్షరాల్లో ఉన్న అంకె చూడలేదు. జడ్చర్లలో మా డాబా మీద బల్లకు బిగించి, 10 అంగుళాల ప్రాప్ పెట్టి త్రోటల్ (రిమోట్‌లో వేగం పెంచే పుల్ల) సగం దాటించాను. కీచుమని ఒక చప్పుడు. నాలుగు సెకన్లు కూడా కాలేదు, ఈఎస్సీ తొడుగులోంచి తెల్లటి పొగ. పంపినవాళ్ళది పొరపాటే, కానీ ఆ అంకె చదవనిది నేను. ఎందుకు కాలిందో కింద లెక్కలో తెలుస్తుంది.

మొదట తూకం

వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు. లేకపోతే కిరాణా కొట్టుకు తీసుకెళ్ళండి, కాస్త నవ్వుతారు, అంతే. విమానం ఇంకా తయారు కాకపోతే ముక్కలు ముక్కలుగా తూయండి: రెక్క, బాడీ, సర్వోలు (చుక్కానుల్ని కదిలించే చిన్న మోటార్లు), రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది), మోటార్, ఈఎస్సీ, బ్యాటరీ. జిగురుకు, టేపుకు ఇంకో 40, 50 గ్రాములు కలుపుకోండి. జిగురు బరువు అందరూ తక్కువే అనుకుంటారు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. రెక్క పైన ఉండే మామూలు ట్రైనర్. థర్మకోల్ రెక్క, కోరోప్లాస్ట్ (అట్టపెట్టెలా లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ షీటు) బాడీ. రెక్క పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20. బ్యాటరీతో సహా 750 గ్రాములు.

ఇప్పుడు దాన్ని ఎలా ఎగరేస్తారో తేల్చుకోండి. నెమ్మదిగా తేలే గ్లైడర్‌కు కిలోకు 110 నుంచి 150 వాట్లు చాలు. నేర్చుకునే ట్రైనర్‌కు 150 నుంచి 200. లూప్‌లు, రోల్‌లు కొట్టాలంటే 220 నుంచి 260. ముక్కు ఆకాశంలోకి పెట్టి గాల్లో నిలబెట్టాలంటే 330 పైన. ఇవి ఎప్పటినుంచో చేతులు మారుతున్న అంచనాలు, ప్రయోగశాల లెక్కలు కావు. అయినా పెద్దగా తప్పవు. మన 750 గ్రాముల ట్రైనర్‌కు 110 నుంచి 150 వాట్లు కావాలన్నమాట.

ఇంకొక్క లెక్క. రెక్క విస్తీర్ణం 120 ఇంటూ 20, అంటే 2400 చదరపు సెంటీమీటర్లు. వందతో భాగిస్తే 24 చదరపు డెసీమీటర్లు. 750ని 24తో భాగిస్తే 31. దీని వర్గమూలం 5.6. దాన్ని 4.7తో గుణిస్తే 26. గంటకు సుమారు 26 కిలోమీటర్ల కన్నా నెమ్మదిస్తే ఈ విమానం గాల్లో నిలవదు, ముక్కు వాలుస్తుంది. మామూలు ట్రైనర్ రెక్కకు, మన దిక్కు ఎత్తునూ ఎండనూ కలుపుకుని వేసిన 4.7 అది. ఈ 26 గుర్తుంచుకోండి, ప్రాప్ దగ్గర పని పడుతుంది.

ప్రాప్ మీది అంకెలు

ప్రాప్ మీద 10×4.5 అనో, చుక్క కూడా లేకుండా 1045 అనో ఉంటుంది. మొదటిది ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని అంగుళాలో చెప్తుంది, అదే డయా. రెండోది పిచ్. ప్రాప్‌ను చెక్కలో దిగే స్క్రూ అనుకోండి. ఒక చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు దిగుతుందో అదే పిచ్. గాలి చెక్క కాదు గనక కొంత జారుతుంది.

డయా పెరిగితే తోపు బలం పెరుగుతుంది, పిచ్ పెరిగితే వేగం పెరుగుతుంది. ట్రాక్టర్ టైరుకూ బైకు టైరుకూ ఉన్నంత తేడా.

వేగం లెక్క సులువు. నిమిషానికి ఎన్ని చుట్లో దాన్ని పిచ్‌తో గుణించి, మళ్ళీ 0.00152తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. ఇది విమానం వేగం కాదు, ప్రాప్ వెనక్కి తోసే గాలి వేగం. విమానం దీన్ని దాటి పెద్దగా పోలేదు. ఈ వేగం, ఇందాక లెక్కేసిన 26కి రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. 52 నుంచి 78 మధ్యలో ఎక్కడున్నా ఫరవాలేదు.

మా ట్రైనర్ మీద 10×4.5 ప్రాప్ నిమిషానికి 7600 చుట్లు తిరిగింది. లెక్కేస్తే 52 కిలోమీటర్లు. అదే మోటార్‌కు 9×6 పెడితే 8400 చుట్లు, 77 కిలోమీటర్లు. రెండూ మన హద్దులోవే, కానీ స్వభావం వేరు. చేతిలోంచి వదలగానే 10×4.5 లాక్కుని పైకి పోతుంది. గాలి లేని పొద్దున దాన్ని మించింది లేదు. పదకొండు దాటి వడగాలి మొదలయ్యిందా, గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే విమానం అక్కడే ఊగుతూ ఉంటుంది. అప్పుడు 9×6 చీల్చుకుని వస్తుంది. నా పెట్టెలో రెండూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకు మాత్రం ముందు 10×4.5 అనే చెప్తాను.

మోటార్ మీద పడే భారం మాత్రం డయా, పిచ్‌లతో సమానంగా పెరగదు. పిచ్ రెట్టింపైతే భారం సుమారు రెట్టింపు. డయా అలా కాదు, నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అదే చుట్ల దగ్గర 9 అంగుళాల నుంచి 10కి వెళ్తే భారం ఒకటిన్నర రెట్లు. ఒక్క అంగుళమే కదా అనుకుంటే మోసపోతారు. చుట్లు పెరిగితే భారం మూడో ఘాతంలో పెరుగుతుంది. నా 2200 కేవీ మోటార్ 1000 కేవీదాని కన్నా 2.2 రెట్లు వేగంగా తిప్పబోయింది. 2.2 ఇంటూ 2.2 ఇంటూ 2.2 వేసుకోండి: పది రెట్లు దాటుతుంది. పొగ రాక ఏమొస్తుంది?

ప్రాప్‌ల రకాలు కూడా చూసుకోండి. పల్చటి వెడల్పాటి ఆకులున్నది స్లో ఫ్లయర్ రకం. సన్నగా గట్టిగా ఉండేది ఎలక్ట్రిక్ రకం, దాని మీద అంకెల పక్కన ఇంగ్లీషు E అక్షరం ఉంటుంది. ఏపీసీ కంపెనీ తన స్లో ఫ్లయర్ ప్రాప్‌లకు ఒక హద్దు పెట్టింది: 65,000ని అంగుళాలతో భాగిస్తే వచ్చినన్ని చుట్లు. 10 అంగుళాలదానికి 6500. త్రీ ఎస్ బ్యాటరీ (మూడు సెల్స్ వరసగా కలిపింది), 1000 కేవీ మోటార్ మీద అది దాటిపోతుంది. చాలామంది దాటిస్తూనే ఉన్నారు, నాకు మాత్రం ఇష్టం ఉండదు. 7600 చుట్ల దగ్గర 10 అంగుళాల ప్రాప్ కొస గంటకు 360 కిలోమీటర్ల పైన పోతుంటుంది. ఆ వేగంలో ముక్క ఊడితే ఎటు పోతుందో ఎవరు చెప్తారు? కాబట్టి గట్టి ఆకులున్నదే తీసుకోండి.

డ్రోన్‌ల కోసం అమ్మే జతలో ఒక ప్రాప్ మీద అంకెల తర్వాత ఆర్ అని ఉంటుంది. అది ఎదురు తిరుగుడుది. విమానానికి ఆ అక్షరం లేనిది వాడండి.

మోటార్: కేవీ అంటే బలం కాదు

2212 అంటే లోపల రాగితీగ చుట్టిన స్టేటర్ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ఎత్తు. కొందరు మోటార్ బయటి డొప్ప కొలత రాస్తారు. అప్పుడు అదే మోటార్ 2830 అయిపోతుంది. రెండు వేర్వేరు అనుకుని కంగారు పడకండి. మోటార్ బరువు చూడటం మేలైన పద్ధతి: గ్రాముకు 3 వాట్లకు మించి అడగొద్దు. 50 గ్రాముల మోటార్ దగ్గర 150 వాట్లు. మన ట్రైనర్‌కు కావాల్సింది సరిగ్గా అంతే.

కేవీ అంటే ఒక వోల్టుకు, ప్రాప్ లేకుండా, నిమిషానికి ఎన్ని చుట్లు అని. ఎక్కువ కేవీ ఎక్కువ బలం అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. కేవీ గేరు లాంటిది. తక్కువ కేవీ ఫస్ట్ గేరు: నెమ్మదిగా, పెద్ద ప్రాప్‌ను తిప్పుతుంది. ఎక్కువ కేవీ టాప్ గేరు: చిన్న ప్రాప్‌ను గిర్రున తిప్పుతుంది. టాప్ గేరులో బండి మీద మూడు బస్తాలు వేసుకుని గట్టెక్కబోతే ఏమవుతుందో నా ఈఎస్సీకి అదే అయ్యింది.

త్రీ ఎస్ బ్యాటరీ మీద, 2212 సైజులో నేను పాటించేది ఇది: 9, 10 అంగుళాల ప్రాప్‌కు 900 నుంచి 1100 కేవీ. 8 అంగుళాలకు 1400. 6 అంగుళాలకు 2200. కేవీని వోల్టులతో గుణించి, అందులో 65 నుంచి 80 శాతం తీసుకుంటే ప్రాప్ పెట్టాక వచ్చే చుట్లు దాదాపు తెలుస్తాయి. ప్రాప్ పెద్దదైతే 65 వైపు, చిన్నదైతే 80 వైపు.

కొనేది కోఠి గుజరాతీ గల్లీలోనా, ఆన్‌లైన్‌లోనా అన్నది మీ ఇష్టం. డబ్బా విప్పగానే మోటార్ మీది కేవీ చదివి, ఫొటో తీసుకోండి.

ఈఎస్సీ, బ్యాటరీల దగ్గర ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఫుల్ త్రోటల్‌లో లాగే ఆంపియర్ల కన్నా ఈఎస్సీ కనీసం 30 శాతం ఎక్కువది ఉండాలి. మన ట్రైనర్‌లా 14 ఆంపియర్ల దాకా లాగితే 20 చాలు, అయినా మార్కెట్లో 30 సులువుగా దొరుకుతుంది, ఎండకు కూడా అదే నయం. బ్యాటరీ త్రీ ఎస్ 2200 ఎంఏహెచ్, 25సీ (సామర్థ్యానికి ఎన్ని రెట్లు కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) అయితే 2.2 ఇంటూ 25, అంటే కాగితం మీద 55 ఆంపియర్లు. సగమే ఇచ్చినా మనకు మిగులుతుంది. బ్యాటరీలో 80 శాతమే వాడితే, సగటున 7 ఆంపియర్ల చొప్పున పావుగంట ఎగురుతుంది. నేను 10 నిమిషాలకే టైమర్ పెడతాను.

కొలవకుండా ఎగరేయొద్దు

పైన చెప్పినవన్నీ అంచనాలే. నిజం మీటర్ చెప్తుంది.

వాట్ మీటర్ లేని రోజుల్లో మహబూబ్‌నగర్‌లో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపుకు నా మోటార్ పట్టుకెళ్ళాను. ఆయన దగ్గర టాంగ్ టెస్టర్ ఉంది, వైరు కోయకుండానే ఆంపియర్లు చూపిస్తుంది కదా అని. ఆయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మూడు వైర్లున్నయ్, త్రీఫేజే గద సార్ ఇది" అన్నాడు. అవునన్నాను. "మరి ఉల్టా తిరిగితే?" అని అడిగితే, "ఏముంది, ఏవన్న రెండు వైర్లు మార్చుర్రి" అన్నాడు. పుస్తకంలో పేరాగ్రాఫ్ పట్టే సంగతి, పని ఆపకుండా చెప్పేశాడు. నిజంగానే అంతే. మీ ప్రాప్ ఎదురు తిరిగితే మోటార్ నుంచి ఈఎస్సీకి వెళ్ళే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చండి. బ్యాటరీ వైపు ఎరుపు, నలుపు మాత్రం ఎప్పుడూ మార్చొద్దు. ఒక్క మెరుపుతో ఈఎస్సీ పోతుంది.

టాంగ్ టెస్టర్ మాత్రం పనికి రాలేదు. బ్యాటరీ వైరు చుట్టూ పెడితే సున్నా చూపించింది. అది ఏసీ కరెంటుకు మాత్రమే. బ్యాటరీది డీసీ. డీసీ కూడా చూపించే క్లాంప్ మీటర్లు ఉంటాయి, కానీ ఆర్‌సీ సామాను అమ్మేచోట దొరికే చిన్న వాట్ మీటర్ చాలు. దాన్ని బ్యాటరీకీ ఈఎస్సీకీ మధ్య కలపాలి.

కొలిచే పద్ధతి ఇలా. బ్యాటరీ నిండా ఛార్జ్ చేయండి, త్రీ ఎస్ అయితే 12.6 వోల్టులు. విమానాన్ని బల్లకు తాడుతో కట్టండి, లేదా మనిషిని వెనక నుంచి రెక్కలు గట్టిగా పట్టుకోమనండి. ప్రాప్ ముందూ, పక్కనా ఎవరూ ఉండొద్దు. మనూళ్ళలో విమానం కనబడితే పిల్లలు ఉరికొస్తారు. వాళ్ళను ముందే వెనక్కి పంపి అప్పుడు బ్యాటరీ కలపండి. త్రోటల్ మెల్లగా పైకి తీసుకెళ్ళి, ఫుల్ మీద ఐదారు సెకన్లు ఉంచి, అంకెలు చదివి దించేయండి.

మా ట్రైనర్‌లో 10×4.5 ప్రాప్‌తో 10.9 వోల్టులు, 13.5 ఆంపియర్లు, 147 వాట్లు. 9×6తో 11.1 వోల్టులు, 10 ఆంపియర్లు, 111 వాట్లు. రెండూ మనం అనుకున్న 110 నుంచి 150 మధ్యలోనే పడ్డాయి. మీకు మోటార్ హద్దు దాటితే పిచ్ తగ్గించి చూడండి, అప్పటికీ ఎక్కువుంటే డయా ఒక అంగుళం తగ్గించండి. మొదటి పరుగులో త్రోటల్ సగం దాటకముందే ఆంపియర్లు హద్దుకు చేరితే అక్కడితో ఆపేయండి, "ఫుల్ పెడితే ఎంతొస్తుందో చూద్దాం" అనుకోవద్దు.

తర్వాత వేలితో ముట్టి చూడండి. మోటార్ మీద వేలు మూడు నాలుగు సెకన్లు ఆనించలేకపోతే వేడి ఎక్కువైనట్టే.

బిగింపు

ప్రాప్ మీద అంకెలున్న వైపు విమానం పోయే దిక్కుకే ఉండాలి. మోటార్ వెనక ఉండే మోడల్‌లో కూడా అంతే, అంకెలు ముక్కు వైపుకే. ఎన్నిసార్లు చెప్పినా ప్రతి ఏడూ ఒకరు తిరగేసి బిగించి, "అన్నా, మోటార్‌కు దమ్ము లేదు" అని ఫోన్ చేస్తారు.

కొత్త ప్రాప్‌ను సన్నటి కడ్డీకి గుచ్చి, అడ్డంగా నిలుస్తుందో లేదో చూడండి. ఒక ఆకు కిందికి వాలితే రెండోదాని వెనకవైపు చిన్న టేపు ముక్క అంటించండి. ఆ వణుకు వదిలేస్తే మోటార్ బేరింగులు త్వరగా అరుగుతాయి, కోరోప్లాస్ట్‌లో స్క్రూలు వదులవుతాయి. మోటార్‌ను రెండు, మూడు డిగ్రీలు కిందికీ, వెనక నుంచి చూస్తే కుడికీ వంచి బిగించాలి. పై రెండు స్క్రూల దగ్గర, మోటార్‌కూ బాడీకీ మధ్య చెరో వాషర్ పెడితే కిందికి వంగుతుంది. ట్రాన్స్‌మిటర్ సెట్టింగులు, సర్వోల సవరణ ఏం చేసినా ప్రాప్ విప్పాకే చేయండి. సిగ్నల్ పోతే త్రోటల్ సున్నాకు వచ్చేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకున్నాకే మళ్ళీ ప్రాప్ బిగించండి.

మన ఎండ, మన నేల

మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. జనవరి పొద్దున 18 డిగ్రీలప్పటి గాలితో పోలిస్తే మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి సుమారు 8 శాతం పలచన. ప్రాప్ అవే చుట్లు తిరిగినా తోపు అంతే తగ్గుతుంది, రెక్కకు నిలవడానికి కాస్త ఎక్కువ వేగం కావాలి. చలికాలంలో చేతితో వదిలితే లేచిన విమానం మే నెలలో గడ్డిలో కూలబడితే మోటార్ పాడైందనుకోకండి. వేడి ఇంకో గొడవ. మామూలు నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. మోటార్ గాలి కన్నా 40 డిగ్రీలు వేడెక్కిందంటే జనవరిలో 58, మే నెలలో 82. అదే ప్రాప్, అదే త్రోటల్, ఒక కాలంలో బాగానే ఉంటుంది, ఇంకో కాలంలో మోటార్‌ను తింటుంది. ఎండాకాలం ఉదయం ఎనిమిది లోపలే ఎగరేయండి. ఈఎస్సీకి గాలి తగిలేలా బాడీలో ముందొక కంత, వెనక దానికన్నా పెద్ద కంత కోయండి. బ్యాటరీని కారులో, బైకు డిక్కీలో వదలొద్దు.

ఎగరేసే చోటు కూడా ప్రాప్‌ను తేలుస్తుంది. ఎండాకాలం చెరువు శిఖం విశాలంగా, చదునుగా బాగుంటుంది. కానీ నెర్రెలిచ్చిన నేల, చిన్న చక్రం అందులో ఇరుక్కుంటుంది. చక్రాలు తీసేసి, చేతితో వదిలి, పొట్ట మీద దించడమే మేలు. అప్పుడు ప్రాప్‌ను రబ్బరు రింగుతో పట్టి ఉంచే ప్రాప్ సేవర్ వాడితే నేలకు తగిలినప్పుడు ప్రాప్ పక్కకు వాలుతుంది, విరగదు. 9 అంగుళాల లోపు ప్రాప్‌లతో, బలం తక్కువున్న మోటార్లతో అయితేనే అది నమ్మకం. చెలకలో గులకరాళ్ళు ఆకు అంచును కొరుకుతాయి. గోటితో అంచు తడిమి చూడండి, గాటు తగిలితే ఆ ప్రాప్ విరగ్గొట్టి పారేయండి, ఇంట్లో ఉంచితే ఎవరో ఒకరు మళ్ళీ బిగిస్తారు. వరి కోసిన మడి దూరం నుంచి మెత్తగా కనిపిస్తుంది గానీ కొయ్యకాళ్ళు ప్రాప్‌ను మిగల్చవు. సర్కారు తుమ్మ కంపలో పడితే విమానం దొరుకుతుంది, చేతులు చీరుకుపోతాయి. పొలాల మీది కరెంటు తీగలకు చిక్కితే కర్రతో లాగొద్దు, లైన్‌మన్‌కు ఫోన్ చేయండి.

కొత్త చోటికి వెళ్ళేముందు డ్రోన్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో (ముందుగా అనుమతి అక్కర్లేని చోటు) ఉందో లేదో చూసుకోండి. గ్రీన్‌లో ఉన్నా 120 మీటర్ల ఎత్తు దాటొద్దు.

మొదటిసారి ఆర్డర్ పెట్టేటప్పుడు మోటార్ ఒకటి, ఈఎస్సీ ఒకటి చాలు. ప్రాప్‌లు మాత్రం 10×4.5 మూడు, 9×6 రెండు తెప్పించుకోండి. మొదటి నెలలో విరిగేవి అవే.